చక్కెర లేని పళ్లెం

బూజెమా తన బండ్ల మరమ్మతు దుకాణంలోంచి "ఇజ్జా, టీ!" అని కేకేశాడంటే అతనికి దాహం వేసిందని కాదు. ఎదురుగా ఉన్న బండి రోగమేమిటో అతనికి అంతుపట్టలేదని.

ఈ సంగతి దెమ్నాత్ ఊరు మొత్తం మీద ఇద్దరికే తెలుసు. కేకేసినవాడికీ, ఆ కేక వినగానే పిండి చేతులు కడుక్కుని పొయ్యి మీద నీళ్లు పెట్టే అతని పెళ్లాం ఇజ్జాకీ. ఊరివాళ్ల దృష్టిలో బూజెమా టీ పిచ్చోడు. "మా మాల్లెంకి గొంతులో టీ దిగితేగానీ బుర్ర పనిచెయ్యదు" అని పక్క కొట్టు మంగలి వచ్చినవాళ్లందరికీ మురిపెంగా చెబుతుంటాడు. మాల్లెం అంటే పనిలో ఆరితేరినవాడు, పదిమందికి నేర్పగలవాడు. ఆ పిలుపు వినబడ్డప్పుడల్లా తెర వెనకాల ఇజ్జాకి నవ్వూ వచ్చేది, ఒళ్లూ మండేది. రెండూ ఒకేసారి ఎలా వస్తాయని అడక్కండి. పదకొండేళ్లు ఒక తెర వెనకాల నిలబడి చూడండి, మీకూ వస్తాయి.

ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో గళ్ల తెర. తెరకి ఇవతల వంటగది. మొన్నటికి మొన్న ఉల్లిపాయల వ్యాపారి హమ్మూ తన పాత మోటార్‌సైకిల్‌ని తోసుకుంటూ వచ్చాడు. స్టార్టు మీట నొక్కితే 'టక్' అని ఒకే ఒక్క చప్పుడు, తర్వాత ఏమీ లేదు. బూజెమా నాలుగుసార్లు నొక్కాడు, చుట్టూ తిరిగాడు, గడ్డం గోక్కున్నాడు. "ఇజ్జా, టీ!" ఆమె రొట్టె పిండి పిసుకుతూ ఆ చప్పుడు విననే విన్నది. ఒక్క టక్ అంటే కరెంటు వదిలే స్విచ్చి, అదే రిలే, మూసుకుంటోంది, కరెంటు ఇంజన్ని తిప్పే స్టార్టర్ మోటార్ దాకా పోతోంది, మోటార్ మాత్రం తిరగడం లేదు. పళ్లెంలో టీ కూజా, రెండు గ్లాసులు, పక్కన మూడు చక్కెర ముక్కలు పెట్టి పట్టుకెళ్లింది. ఒక ముక్క ఉంటే బ్యాటరీ. రెండుంటే రిలే. మూడుంటే స్టార్టర్ మోటార్. ముక్కే లేకపోతే వైరు అతుకు చెడిందని, అందులోనూ ముందు కరెంటుని బ్యాటరీకి తిప్పి పంపే ఎర్తు వైరు చూడమని.

బూజెమా పళ్లెం కేసి ఒక్క చూపు చూసి, టీ ఒక గుక్క తాగి, కళ్లు మూసుకున్నాడు. "మోటార్‌లో కార్బన్లు అరిగిపోయాయి హమ్మూ. వదిలేసి వెళ్లు, సాయంత్రానికి ఇస్తా."

హమ్మూ నోరు తెరిచేశాడు. "చెయ్యైనా పెట్టకుండా చెప్పేశావే మాల్లెం!"

"చెవితో చెయ్యాలి నాయనా ఈ పని" అన్నాడు బూజెమా. ఆ చెవులు ఎవరివో మాత్రం చెప్పలేదు.

హమ్మూ వెళ్లాక షట్టర్ సగం దించేశారు. ఇజ్జా కింద కూర్చుని మోటార్ విప్పి కార్బన్లు మార్చింది. "రొట్టె నే చూస్తాలే" అని లోపలికెళ్లిన బూజెమా ఫోన్ చూస్తూ కూర్చున్నాడు. రొట్టె మాడింది. మాడిన రొట్టెకి అత్తగారు ఎవర్ని తిట్టిందో వేరే చెప్పాలా?

బూజెమాకి పనే రాదనుకునేరు, అంత అన్యాయం నేను చెయ్యను. ఇంజన్ విప్పాడంటే పిస్టన్లు, వాల్వులు, గేర్లు చేత్తో తడిమి తప్పు పట్టుకోగలడు. కంటికి కనిపించేది ఏదైనా బాగుచేస్తాడు. కరెంటు కంటికి కనపడదు. అక్కడే అతని ధైర్యం జారిపోతుంది. రాదని ఒప్పుకుంటే మాల్లెం అన్న పిలుపు పోతుందని భయం. ఆ భయం పదకొండేళ్లుగా ఇజ్జా కాచే టీ మీద నడుస్తోంది.

ఇజ్జాకి ఆ విద్య ఊరికే రాలేదు. పందొమ్మిదో ఏట కొండ దిగి కెనిత్రా పట్నం వెళ్లి, కార్లకి వైర్ల జడలు అల్లే ఫ్యాక్టరీలో చేరింది. మనిషంత ఎత్తు బల్ల, దాని నిండా మేకులు, ఒక్కో జడలో రెండొందల పైచిలుకు వైర్లు. రోజుకి ఎనిమిది గంటలు నిలబడే. మూడేళ్లు అల్లింది. తర్వాత నాలుగేళ్లు తనిఖీ బల్ల దగ్గర పెట్టారు. ఏ వైరు ఎక్కడ తెగింది, ఏ అతుకు వదులు, ఏది పైకి బాగున్నట్టుండి లోపల చచ్చిపోయింది, అన్నీ ఆమె వేళ్లకి తెలిసేవి. "ఇజ్జా చూసిందా? చూస్తే పంపెయ్యండి" అనేవాడు అక్కడి మేస్త్రీ. ఆ ఒక్క మాట తప్ప ఆమె దగ్గర వేరే సర్టిఫికెట్టు ఏదీ లేదు. ఆ మాటని కూడా పెళ్లికి ముందే దాచెయ్యాల్సొచ్చింది. పెళ్లి నిశ్చయం చేసుకున్న రోజున బూజెమా ఆమెతో చాటుగా అన్న మొదటి మాట ప్రేమ మాట కాదు. "మా అమ్మతో ఫ్యాక్టరీ అనకు. కుట్టుపని చేసేచోట ఉండేదాన్నని చెప్పు. ఫ్యాక్టరీలో చేసొచ్చిన పిల్లలంటే మావాళ్లు ఏమనుకుంటారో నీకు తెలుసుగా" అన్నాడు. తెలుసు. ఇరవయ్యారేళ్లకి ఇంకా పెళ్లికాని పిల్ల ఏ అబద్ధానికైనా తలూపుతుంది. ఊపింది. దాని ఫలితంగా, అందరూ మర్యాదగా లల్లా అని పిలిచే అత్తగారు బటూల్ పదకొండేళ్లుగా ఇంట్లో చిరిగిన ప్రతి గుడ్డా తెచ్చి ఆమె ఒళ్లో పడేస్తూ వచ్చింది. "కుట్టుపని నేర్చానన్నావు, ఈ అంచు ఏమిటే పాము పాకినట్టు?" అని ఎత్తిపొడుపు. సూది పట్టుకోవడం ఇజ్జాకి ఇప్పటికీ సరిగా రాదు. వైరు పట్టుకోవడం వచ్చు. ఆ మాట పైకి అనడానికి వీల్లేదు.

ఇలాంటివి లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే పిచ్చెక్కుతుందని ఆమె లెక్కపెట్టడం మానేసింది. అయినా కొన్ని మాటలు వదలవు. కిందటేడు కూతురు తూదా బడి కాగితం నింపుతూ, 'తల్లి చేసే పని' అన్నచోట బూజెమా 'ఏమీ లేదు' అని రాశాడు. ఆమె చూస్తోందని గమనించి, "ఏం రాయమంటావే మరి, టీ కాస్తుందని రాయనా?" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. అతని నవ్వు మర్చిపోయింది గానీ తన నవ్వు మర్చిపోలేకపోయింది. ఎందుకు నవ్వాను, నా నోరు పడిపోయిందా, అని గిన్నెలు తోముకుంటూ ఎన్నిసార్లు తనని తాను తిట్టుకుందో.

ఇలా ఉండగా ఊళ్లో కొత్తగా వృత్తి శిక్షణ కేంద్రం తెరిచారు. పాత బండ్ల మరమ్మతు నేర్పడానికి ఒక మనిషి కావాలన్నారు. నెల జీతం, పింఛను, జబ్బు చేస్తే వైద్యం. బూజెమా దరఖాస్తు పెట్టి వచ్చాక పరీక్ష కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. కేంద్రంవాళ్లే ఒక బండి తెస్తారట. దుకాణానికే వస్తారట. గంటలో తప్పు పట్టుకోవాలట.

"చదివావా?" అన్నాడు. "కరెంటు లోపం అని ఉంది. ఇంజన్ కాదు."

"చూశాను."

"మరి?"

"మరేంటి?"

"నువ్వున్నావుగా. టీ పెడతావుగా."

ఇజ్జా కాగితం మడిచి అతనికి ఇచ్చింది. "సరే, పరీక్ష గట్టెక్కుతుంది. ఆ తర్వాత? అక్కడ ముప్పైమంది పిల్లలుంటారు. అక్కడికి కూడా పళ్లెం పట్టుకుని రమ్మంటావా?"

"అప్పటి సంగతి అప్పుడు. ఇంట్లో నువ్వు నాకు చెబుతావు, పొద్దున్నే వెళ్లి నేను వాళ్లకి చెబుతాను. అంతే కదా" అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో! తర్వాత గొంతు మెత్తగా చేసి, "నువ్వు లేకపోతే నాదీ ఒక బతుకేనా ఇజ్జా" అన్నాడు. ఆ మెత్తదనం అబద్ధం కాదు, అదే వచ్చిన చిక్కు. అబద్ధమైతే ఆమె ఎప్పుడో మొహం తిప్పుకునేది.

ఆమె అడిగింది, "అక్కడ ఆడవాళ్లని తీసుకోరా?"

అతను అర్థం కానట్టు చూశాడు. "దేనికి? ఊడవడానికా?"

ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగాడు. ఎగతాళికి అన్నా ఆమెకి అంత నొప్పి పుట్టేది కాదు.

పరీక్షకి మిగిలిన పది రోజులూ ఆమె అతనికి కరెంటు కొలిచే మీటర్ పట్టుకోవడం నేర్పింది. బ్యాటరీ ఎలా చూడాలి, మీట వదిలి చూడాలి, మళ్లీ మీట నొక్కి పట్టి చూడాలి, రెండు అంకెలూ పైకి చెప్పాలి. అతను బుద్ధిగా తలూపాడు. ప్రతిసారీ, "చివరికి నువ్వు పళ్లెంలో చెబుతావుగా" అన్నాడు.

గురువారం పది గంటలకి పరీక్ష పెట్టే పెద్దమనిషి వచ్చాడు. పేరు మీమూన్. అందరూ సి మీమూన్ అని గౌరవంగా పిలిచారు. బక్క మనిషి, తెల్ల జుట్టు, చంకలో తోలు సంచి. పికప్ బండిలోంచి ముప్పై ఏళ్లనాటి జపాను మోటార్‌సైకిల్ ఒకటి దింపించాడు. దానికి కాలితో తన్నే కిక్కు లేదు, మీట ఒక్కటే. నల్లరంగు కొత్తగా వేయించి అద్దంలా మెరిపించారు. మంగలి క్షవరం సగంలో ఆపి వచ్చి నిలబడ్డాడు, వాడి వెనకే సగం గడ్డం గీయించుకున్నవాడూ వచ్చాడు. ఇంకో నలుగురు చేరారు.

"చేసే ప్రతి పనీ పైకి చెబుతూ చెయ్యాలి మాల్లెం" అన్నాడు సి మీమూన్. "మనసులో అనుకున్నదానికి నేను మార్కులు వెయ్యను."

తెర వెనకాల ఇజ్జా చేతిలో పుదీనా కట్ట. ఆకు తుంచడం కూడా మర్చిపోయి వింటోంది. ఈ ఉద్యోగం వస్తే ఇంటికి నిలకడ వస్తుంది, తూదా పెద్ద చదువుకి దారి పడుతుంది. ఆ మాట నిజం. వస్తే ఇంకో పాతికేళ్లు ఈ తెర ఇలాగే ఉంటుంది. ఆ మాటా నిజం. ఏది కావాలని దేవుణ్ణి అడగాలో తెలియక ఊరికే బిస్మిల్లా అనుకుంది.

బూజెమా మీట నొక్కాడు.

టకటకటకటకటక.

చెక్క మీద వేలిగోళ్లతో గబగబా కొట్టినట్టు చప్పుడు. "ముందు దీపం కూడా మసకబారుతోంది" అన్నాడు బూజెమా పైకి. రిలే మూసుకుంటోంది, పట్టు చాలక వదిలేస్తోంది, మళ్లీ మూసుకుంటోంది. బ్యాటరీ అయినా చచ్చి ఉండాలి, దారిలో అతుకైనా చెడి ఉండాలి. ఇజ్జా తెరకి చెవి ఆనించింది.

"బ్యాటరీ చూస్తున్నాను. పన్నెండు పాయింట్ ఏడు వోల్టులు." 

మీట నొక్కి చూడు, నొక్కి చూడు, అని ఆమె పెదాలు కదిలాయి.

"ఇప్పుడు మీట నొక్కి పట్టి చూస్తున్నాను." టకటకటక. "పన్నెండున్నర."

ఇంకేం కావాలి! బ్యాటరీ దగ్గర బలం బలంగానే ఉంది, బయటి దారిలో ఎక్కడో అడ్డు పడుతోంది. దీపం కూడా మసకబారిందంటే చెడింది ఒక్క మోటార్ దారి కాదు, అందరూ తిరిగొచ్చే ఉమ్మడి దారి. ఎర్తు. కొత్తగా రంగు వేశారు కదా, మూర్ఖులెవరో బోల్టు కింద కూడా వేసేసి ఉంటారు. ఆమెకి అంతా కళ్లకి కట్టినట్టు కనబడింది. ఆ క్షణాన ఆమెకి భయమే లేదు, హాయిగా ఉంది.

"ఇజ్జా, టీ!" అని కేక వచ్చింది.

పళ్లెంలో కూజా పెట్టింది, పికప్ మనిషితో కలిపి మూడు గ్లాసులు పెట్టింది. చక్కెర పెట్టలేదు. ఒకటికి రెండుసార్లు చూసుకుంది. పళ్లెం ఎత్తి తెర దాకా వెళ్లేసరికి లల్లా బటూల్ అడ్డం వచ్చింది. పండగ బట్టలు కట్టుకుని తయారై ఉంది ఆవిడ.

"నువ్వెక్కడికే? ప్రభుత్వం మనిషి వచ్చిన రోజున కోడల్ని ముందుకి తోస్తే ఏమనుకుంటారు? ఇటివ్వు."

"వద్దు లల్లా, బరువుగా ఉంటుంది."

"నిన్నే మోస్తున్నాం పదకొండేళ్లుగా, ఈ పళ్లెం బరువా మాకు?" అంటూ లాక్కుంది. లాక్కుని చూసి, బుగ్గన చెయ్యి వేసుకుంది. "చక్కెరేదే? ఓసి నీ మొహం మండ! వచ్చిన మనిషికి చక్కెర ముక్క లేకుండా పళ్లెం పంపిస్తారటే ఏ ఇంట్లోనైనా? మన పరువేం కావాలి?"

"వద్దు లల్లా! చక్కెర వద్దు!"

"ఎందుకొద్దు?"

ఏం చెబుతుంది? నీ కొడుక్కి పని రాదు, ఆ చక్కెరతో నేనే అతన్ని మాల్లెంగా నిలబెడుతున్నాను అని చెప్పాలా? "టీలోనే ఎక్కువ వేశాను..." అని గొణిగింది.

"వేస్తే వేశావు. పళ్లెంలో ఉండడం మర్యాద" అని ఆవిడ డబ్బాలోంచి తీసి టకటకా పెట్టింది. మనిషికొకటి చొప్పున మూడు ముక్కలు. తెర తోసుకుని వెళ్లిపోయింది.

ఇజ్జా తెర అంచు పట్టుకుని నిలబడింది. బూజెమా కళ్లు పళ్లెం మీదికి వెళ్లడం చూసింది. ఒకటి, రెండు, మూడు. అతని మొహం ఎలా విచ్చుకుందో!

"స్టార్టర్ మోటార్!" అన్నాడు బూజెమా.

"నమ్మకమేనా?" అన్నాడు సి మీమూన్. పళ్లెంలోని చక్కెర ముక్కల్ని వేలితో పక్కకి తోసి, "నాకు షుగర్ జబ్బమ్మా, వద్దు" అని లల్లా బటూల్‌తో అన్నాడు.

"నూటికి నూరుపాళ్లు. నాది చెవితో పట్టే పని. కావాలంటే విప్పి చూపిస్తాను." స్పానర్ తీసుకుని మోటార్ బోల్టు మీద పెట్టాడు. మంగలి గర్వంగా చుట్టూ చూశాడు.

అప్పుడు ఇజ్జా మనసులో ఏం జరిగిందో దాచకుండా చెప్పాలి. మొదట సంతోషం వేసింది. మునగనీ, అనుకుంది. ఊడవడానికా అని అడిగావుగా, ఇప్పుడు విప్పుకో, మంచి మోటార్ని ముక్కలు ముక్కలుగా విప్పుకుని చూసుకో. ఆ సంతోషం గుక్కెడు నీళ్లంత కూడా నిలవలేదు. మొదటి బోల్టు కిర్రుమని వదులైంది. ఆ చప్పుడు ఆమె పళ్లకి తగిలింది. నాలుగేళ్లు తనిఖీ బల్ల దగ్గర నిలబడ్డ మనిషి. బాగున్నదాన్ని చెడిందని పక్కన పడేస్తుంటే ఆమె చేతులు ఏనాడూ ఊరుకోలేదు. మొగుడి పరువు కోసమూ కాదు, మొగుడి మీద కసితోనూ కాదు, తప్పు చోట స్పానర్ పెడుతుంటే చూడలేకపోయింది. తెర పక్కకి నెట్టి వచ్చేసింది.

"ఆ మోటార్ విప్పకు."

బూజెమా తలెత్తాడు. "లోపలికెళ్లు" అన్నాడు పళ్ల బిగువున.

"మోటార్ బాగానే ఉంది. విప్పకు."

"ఎవరీమె?" అన్నాడు సి మీమూన్.

"మా ఆవిడండీ. టీ ఇవ్వడానికని..."

"టీ వచ్చేసిందిగా" అన్నాడు ఆయన. ఆమె కేసి తిరిగి, "ఎందుకు విప్పొద్దంటున్నావు? చూపించు. చేసేది పైకి చెబుతూ చెయ్యి" అన్నాడు.

ఆమె మీటర్ అందుకుంది. బండి పక్కన గొంతుకూర్చుంది. "బ్యాటరీ బాగుంది. మీట నొక్కినా పన్నెండున్నర ఉంటోంది. అంటే బ్యాటరీ ఇవ్వడానికి సిద్ధంగానే ఉంది, దారే బాగోలేదు. ఇప్పుడు ఒక మొన బ్యాటరీ మైనస్ మీద, ఇంకో మొన ఇంజన్ ఇనుము మీద పెడుతున్నాను. రెండూ ఒకటే అయితే మీట నొక్కినా ఇక్కడ సున్నాకి దగ్గరగా చూపించాలి." నొక్కింది. టకటకటక. "ఎనిమిది చూపిస్తోంది. పన్నెండున్నరలో ఎనిమిది ఈ దారిలోనే తగలబడిపోతోంది. మోటార్‌కి మిగిలిందేముంది, తిరగమంటే ఎలా తిరుగుతుంది?" గోడకి వేలాడుతున్న లావు వైరు తీసి ఒక కొస మైనస్‌కీ ఇంకో కొస ఇంజన్‌కీ తగిలించింది. "కొత్త దారి ఇస్తున్నాను." మీట నొక్కింది.

ముప్పై ఏళ్ల బండి ఒక్కసారి దగ్గి, గర్రుమని అందుకుంది. సగం గడ్డం మనిషి చప్పట్లు కొట్టాడు. ఆమె అటు చూడలేదు. బండి ఆపి, ఎర్తు బోల్టు విప్పి, వైరు కొస తీసి చూపించింది. కింద నున్నగా నల్లరంగు. చాకుతో తెల్ల ఇనుము కనబడేదాకా గీరి, వైరు మళ్లీ బిగించి, లావు వైరు తీసేసి నొక్కింది. మళ్లీ అందుకుంది. బండిని అలాగే తిరగనిచ్చింది.

సి మీమూన్ మీసాల కింద చిన్నగా నవ్వు కదిలింది. "ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

ఆమె నోరు తెరిచింది. అంతలోనే పక్కనుంచి జవాబు వచ్చేసింది.

"నేనే నేర్పానండీ" అన్నాడు బూజెమా.

ఆమె అతని కేసి చూసింది. నవ్వుతున్నాడు. నుదుటి మీద చెమట, పెదాల మీద నవ్వు. "పదకొండేళ్లుగా దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాను. ఇంట్లో ఖాళీగా ఉంటుంది కదా అని. ఇవ్వాళ కావాలనే మోటార్ అని తప్పు చెప్పాను, పట్టుకుంటుందా లేదా అని. నేర్పడమంటే ఏమిటో మీకు చూపిద్దామని." ఎప్పుడూ ఏ బండి దగ్గరా ఇంత చురుగ్గా కదలలేదు అతని బుర్ర. తన కష్టం తన కళ్లముందే చెయ్యి మారిపోతుంటే ఇజ్జా తెల్లబోయి చూస్తూ ఉండిపోయింది.

సి మీమూన్ తోలు సంచిలోంచి బూజెమా దరఖాస్తు తీశాడు. కలం తీశాడు. "ఇంట్లో మనిషికే ఇంత నేర్పగలిగినవాడికి పిల్లలకి నేర్పడం ఒక లెక్కా" అన్నాడు. రాయబోతూ ఆగి, ఆమెని అడిగాడు. "నిజమేనా అమ్మా? ఇతనేనా నేర్పింది?"

అందరూ ఆమె వైపు తిరిగారు. మంగలి, సగం గడ్డం మనిషి, పళ్లెం పట్టుకుని లల్లా బటూల్. బూజెమా కళ్లల్లో ఆజ్ఞ లేదు, బతిమాలడం ఉంది. ఒక్క 'అవును' చాలు. అవునంటే ఉద్యోగం ఇతనిదైపోతుంది. అవునంటే ఇవ్వాళ ఇంట్లో పండగ, అత్తగారు దగ్గరికి తీసుకుంటుంది, అతను మళ్లీ మెత్తగా మాట్లాడతాడు. రేపట్నుంచి వంటయ్యాక ఆమె చెప్పడం, పొద్దున్నే అతను వెళ్లి చెప్పడం. ముప్పైమంది పిల్లలు అతన్ని మాల్లెం అని పిలవడం. ఇన్నాళ్లూ పని దాచింది, ఫరవాలేదనుకుంది, పని తనకి తెలుసు కదా, లోపల అది తనదే కదా అనుకుంది. ఇప్పుడు అతను అడుగుతున్నది పని కాదు. ఆ కొండ దిగిన పందొమ్మిదేళ్ల పిల్లని అడుగుతున్నాడు. కాళ్లు వాచిపోయేలా ఏడేళ్లు నిలబడ్డదాన్ని, వేలి కొసలు తెగి రక్తం కారుతుంటే గుడ్డ చుట్టుకుని అల్లినదాన్ని, అది కూడా నాకిచ్చెయ్యి అంటున్నాడు. ఇచ్చేస్తే ఇక తన దగ్గర ఏం మిగులుతుంది? ఆమెకి ఏడుపొచ్చింది. ఏడవకూడదని గట్టిగా అనుకుంది.

"కాదండీ" అంది. "నేను కెనిత్రాలో వైర్ల ఫ్యాక్టరీలో ఏడేళ్లు పనిచేశాను. అక్కడ నేర్చుకున్నాను. ఇక్కడ కరెంటు పని వచ్చిన ప్రతి బండీ నేనే బాగుచేశాను."

"ఫ్యాక్టరీయా?" అంది లల్లా బటూల్. "కుట్టుపని అన్నారు కదరా!"

సి మీమూన్ కలం మూత పెట్టేశాడు. "ఇది ఇతని పరీక్ష. నువ్వు పట్టుకున్నదాన్ని ఇతని పేరున రాయలేను" అని దరఖాస్తు అడ్డంగా కొట్టేసి సంచిలో పెట్టుకున్నాడు. బండి ఎక్కించమని పికప్ మనిషికి సైగ చేశాడు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. మంగలి వెళుతూ బూజెమా మొహం చూడలేదు.

"నా నోట్లో మట్టి కొట్టావు కదే" అన్నాడు బూజెమా, ఆమెకి మాత్రమే వినబడేలా. "చేతికొచ్చిందాన్ని పడగొట్టావు. నీకేం ఒరిగింది? చెప్పు, ఏం ఒరిగింది నీకు?"

"లోపలికి నడు. ముందు లోపలికి నడు, ఫ్యాక్టరీదానా" అంది లల్లా బటూల్.

ఇజ్జాకి అతని మీద జాలి పడాలనిపించింది కూడా, పడింది కూడా. అయినా లోపలికి వెళ్లలేదు. నల్లటి చేతులతోనే వీధిలోకి దిగి, పికప్ తలుపు తీస్తున్న సి మీమూన్ దగ్గరికి వెళ్లింది.

"దరఖాస్తులకి గడువెప్పటిదాకా అండీ?"

"శనివారం సాయంత్రం దాకా."

"ఖాళీ కాగితం ఇంకొకటి ఉందా మీ దగ్గర?"

ఆయన సంచి విప్పుతూ, దుకాణం గుమ్మంలో నిలబడ్డ మనిషి కేసి చూశాడు. "మళ్లీ మాల్లెంకేనా?"

"కాదండీ" అంది ఇజ్జా. "నాకు."